నాగులమ్మ వెనక వచ్చేవాళ్లు

“మోక్షిత చూస్తుండగా నన్ను ఆపి సంచి దులిపితే ఏం చెయ్యాలి అత్తా?”

కోమలి ఈ మాట అడిగినప్పుడు కొండ దిగే బస్సు మలుపు తిరుగుతోంది. లోపలున్న గుండ్లన్నీ ఒక పక్కకు ఒరిగి, మళ్లీ ఇంకో పక్కకు ఒరిగాయి. కిటికీ పక్కన కూర్చున్న నాగులమ్మ తన కొత్త గుండు మీద ఎండిపోయిన చందనాన్ని గోటితో గీరుకుంటూ కోడలి వైపు తిరిగింది.

“ఆపితే ఆగుదాం. పొద్దున్నించీ లైన్లో నిలబడి కాళ్లు పీకతా ఉండాయి. కుర్చీ ఏస్తే కూసుందాం.”

కోమలి ఏ దొంగతనానికీ పోవడం లేదు. మూడేళ్ల కూతురు మోక్షితకు పుట్టు వెంట్రుకలు తీయించి, దర్శనం చేసుకుని, కింద తిరుపతిలో ఒక పెద్ద అంగట్లో పిల్లకు గౌను, ఇంట్లోకి నాలుగు సరుకులు కొనుక్కుని సూళ్లూరుపేట బస్సెక్కాలి. అంతే పని. ఆమె రసాయనశాస్త్రంలో ఎమ్మెస్సీ చేసింది. నాయుడుపేట దగ్గర ఒక మందుల ఫ్యాక్టరీ ల్యాబులో ఉద్యోగం. మాత్రలో ఉండాల్సినది ఉందా, ఉండకూడనిది ఏమైనా చేరిందా అని పరీక్షిస్తుంది. ఆమె సంతకం పడకుండా ఆ ఫ్యాక్టరీ నుంచి ఒక్క పెట్టె కదలదు. కానీ ఏ అంగడి నుంచైనా ఆమె బయటికి కదలాలంటే ఇంకెవరో ఆమెను పరీక్షించాలి.

వాళ్లది యానాది కుటుంబం. ఎవరూ నోరు తెరిచి కులం అడగరు. అడగాల్సిన అవసరం లేదన్నట్టు ముఖం చూస్తారు, రంగు చూస్తారు, నాగులమ్మ వెంట ఉంటే ఆమె మోచేతి పచ్చబొట్టు చూస్తారు. ఆ తర్వాత అరల మధ్య ఎక్కడ తిరిగినా వెనకాల ఒక మనిషి సబ్బులు సర్దుతూ ఉంటాడు. వీళ్లు పప్పుల దగ్గరికి పోతే అతనికి పప్పులు సర్దే పని పడుతుంది. వీళ్లు బట్టల దగ్గరికి పోతే అక్కడా ఏదో సర్దడానికి ఉంటుంది.

కోమలి చదివిన చదువు ఊరుకోనివ్వలేదు. ఒక్కోసారి ఒక్కో అంశం మార్చి చూసింది. ఒక వారం కళ్లజోడు పెట్టుకుని పోయింది. ఒక వారం ఫ్యాక్టరీ గుర్తింపు కార్డు మెడలో వేసుకుని పోయింది. ఒక వారం ఫోనులో ఎవరితోనో ఇంగ్లీషులో మాట్లాడుతున్నట్టు నటిస్తూ పోయింది. కార్డు వేసుకున్నప్పుడు వెనకాల మనిషి ఇంకాస్త దూరంలో నిలబడ్డాడు. ఇంగ్లీషు మాట్లాడినప్పుడు దగ్గరికి వచ్చాడు, ఎవరితో కూడబలుక్కుంటోందో వినడానికి కాబోలు. పోల్చి చూడటానికి ఒక రోజు ల్యాబులో తోటి ఉద్యోగిని రాజశ్రీని వెంట తీసుకుపోయింది. రాజశ్రీ పచ్చగా ఉంటుంది. ఆమె మాటల్లో పడి, జుట్టుకు పెట్టి చూసుకున్న క్లిప్పు తీయడం మరిచిపోయి, బిల్లు కట్టకుండానే బయటికి నడిచింది. తలుపు దగ్గర మనిషి ఆమెకు నమస్కారం పెట్టి, కోమలి సంచి అడిగాడు. కోమలి ఆ రోజుతో ప్రయోగాలు మానేసింది.

మానేసినా భయం మానలేదు. పోయిన నెల నాయుడుపేటలో ఒక అంగడి గుమ్మం దగ్గర యూనిఫారం మనిషి కనిపించగానే మోక్షిత తనంతట తానే రెండు చేతులూ పైకెత్తి, గుండ్రంగా తిరిగి నిలబడింది. ఎవరూ చెప్పలేదు. తల్లిని చూసి నేర్చుకుంది. అక్కడున్నవాళ్లంతా ముద్దుగా ఉందని నవ్వారు, ఒకాయన ఫోనులో వీడియో కూడా తీసుకున్నాడు. పిల్లకు ఇంకా అఆలు రాలేదు, సోదా ఇవ్వడం వచ్చేసింది. కోమలికి అప్పటి నుంచి ఒకటే దిగులు: ఈ పిల్ల జీవితమంతా ప్రతి గుమ్మం దగ్గరా ఇలాగే చేతులెత్తి తిరుగుతుందేమో.

నాగులమ్మకు ఈ దిగులు అర్థం కాలేదని కాదు. ఆమె పుట్టింది పులికాట్ ఒడ్డున పాలెంలో. చుట్టుపక్కల ఏ ఇంట్లో ఏది పోయినా ముందు వీళ్ల గుడిసెలకే వచ్చేవాళ్లు. ఒకసారి ఒక ఆసామి ఇంట్లో ఇత్తడి బిందె కనపడలేదు. నలుగురు కర్రలతో వచ్చి గుడిసెల కప్పులు పీకి చూశారు, పొయ్యిలో బూడిద కూడా కెలికారు. తీరా బిందె ఆసామి సొంత బావిలోనే ఉంది, తాడు తెగి పడిపోయింది. బావిలోకి దిగడం వాళ్లలో ఎవరికీ చేతకాదు. మళ్లీ పాలేనికే వచ్చి నాగులమ్మ నాయనను పిలుచుకుపోయారు. ఆయన దిగి బిందె తీసి పైకి రాగానే, అంత సులువుగా నీకెట్లా దొరికింది, పడేసింది నువ్వే కాదు గదా అని అడిగారు. నాగులమ్మ ఈ సంగతి చెప్పినప్పుడల్లా పమిట నోటికి అడ్డం పెట్టుకుని నవ్వుతుంది. కోమలికి ఒక్కసారి కూడా నవ్వు రాలేదు.

పెళ్లయి సూళ్లూరుపేట వచ్చాక నాగులమ్మ భర్త మునస్వామి పట్టిన పీతలను బుట్టలో పెట్టుకుని లోకల్ రైల్లో చెన్నై వైపు పోయి అమ్మేది. మూత పక్కనించి ఒక పీత కొండి బయట పెట్టిందంటే చాలు, ఎంత రద్దీలోనైనా చుట్టూ జాగా దొరికేదట. భర్త పోయాక కూడా ఆ వ్యాపారం మానలేదు. కొడుకు దయానంద్‌ను ఐటీఐ చదివించింది ఆ పీతలే.

వెనక వచ్చేవాళ్ల విషయంలో ఆమె పద్ధతి ఎలా మొదలైందంటే, కొడుకు పెళ్లికి ముందు సూళ్లూరుపేటలో గిన్నెల అంగడికి పోయింది. అడుగడుక్కీ ఒక గుమస్తా వెంటపడ్డాడు. ఆమెకు తలనొప్పిగా ఉంది, చేతిలో పెద్ద గంగాళం ఉంది. వెనక్కి తిరిగి, రవ్వంత పట్టుకో నాయనా అని ఆ గంగాళం అతని చేతుల్లో పెట్టింది. అతను పట్టుకున్నాడు. ఎందుకు పట్టుకున్నాడో అతనికే తెలియదు. మనిషి చేతికి ఏదైనా అందిస్తే పట్టుకోవడం అలవాటు, అంతే. ఆ తర్వాత చెంబులు, గరిటెలు, తట్టలు ఒక్కొక్కటే ఆ గంగాళంలో పడ్డాయి. చివరికి యజమాని ధర చెప్పినప్పుడు ఆ గుమస్తానే, ఇంతసేపు మోసినాను, రవ్వంత తగ్గించండి సార్ అని ఆమె తరఫున బేరమాడాడు.

ఇది నాగులమ్మ చరిత్ర. కోమలికి తెలిసిన కథే. తెలిసినా తనవల్ల అయ్యే పని కాదని అనుకునేది.

బస్సు దిగాక దయానంద్ సామాను దగ్గర కాపలాగా బస్టాండులో ఉండిపోయాడు. ముగ్గురు ఆడవాళ్లు, అంటే మోక్షితతో కలిపి ముగ్గురు, అంగడికి నడిచారు. నాలుగంతస్తుల అంగడి. కింద సరుకులు, పైన బట్టలు, ఆ పైన బొమ్మలు. గుమ్మం దగ్గర యూనిఫారం మనిషిని చూడగానే మోక్షిత రెండు చేతులూ పైకెత్తబోయింది. కోమలి గభాలున పిల్లను చంకనెత్తుకుంది. చేతులు గాలిలోనే ఉండిపోయాయి, ఎవరినో దీవిస్తున్నట్టు.

లోపల సగం మంది గుండ్లే. మగవాళ్లు, ఆడవాళ్లు, పిల్లలు, చంకలో పసికందులు, అందరి తలల మీదా చందనం. సగం మంది ఒంటి మీద పసుపు బట్టలు. ఆ సందడిలో ఎవరూ తమను పట్టించుకోరని కోమలికి కాస్త ధైర్యం వచ్చింది. పిండి పొట్లాల దగ్గర ఆగినప్పుడు వెనకాల వాకీటాకీ గరగరమంది. గుండు, పసుపు చీర, నల్లటి మనిషి, చూసుకో, అని ఎవరిదో గొంతు చెప్పింది.

కోమలి చుట్టూ చూసింది. గుండ్లు లెక్కలేనన్ని ఉన్నాయి. పసుపు చీరలూ అంతే. సమీకరణంలో రెండు వైపులా ఉన్న పదాలను కొట్టేస్తే మిగిలేది ఒక్కటే. ఆ ఒక్కటీ ఆమె అత్త.

వాకీటాకీ పట్టుకున్న మనిషి పేరు చిన్నబ్బ. చొక్కా జేబు మీద పేరు పట్టీ ఉంది. యాభై దాటి ఉంటాయి. ఎవరి కొలతలకో కుట్టిన యూనిఫారంలో సన్నగా నిలబడి ఉన్నాడు. ఎడమ మోకాలు నొప్పి కాబోలు, నడిచినప్పుడల్లా ఒక పక్కకు వంగుతున్నాడు. దొంగను పట్టుకునే మనిషిలా కంటే, ఎక్కడైనా స్టూలు దొరుకుతుందా అని వెతికే మనిషిలా ఉన్నాడు.

నాగులమ్మ ఒక్కసారి వెనక్కి చూసి అతన్ని తలనుంచి కాలిదాకా తూచింది. తిన్నగా బియ్యం మూటల దగ్గరికి పోయింది. ట్రాలీలన్నీ పిల్లలను కూర్చోబెట్టుకుని ఊరేగుతున్నాయి, ఒక్కటీ ఖాళీ లేదు. ఆమె ఒక బియ్యం మూట లేపి చిన్నబ్బ వైపు తిరిగింది.

“అన్నా, రవ్వంత పట్టుకో.”

చిన్నబ్బ వాకీటాకీని చంకలో ఇరికించుకుని మూట పట్టుకున్నాడు.

కోమలికి సిగ్గుతో ముఖం వేడెక్కింది. అత్తను అక్కడే వదిలి, పిల్ల గౌను చూసుకోవడానికి పై అంతస్తుకు పోయింది. తాము ఇద్దరూ విడిపోతే వెనక వచ్చే మనిషి ఒక్కడే కాబట్టి తనకు కాస్త తెరిపి దొరుకుతుందనీ లెక్క వేసుకుంది. లెక్క సరిగ్గానే ఉంది. ఆమె వెంట ఎవరూ రాలేదు.

గౌన్ల మధ్య మోక్షిత దూరి ఆడుకుంటుంటే ఒక పెద్దావిడ వచ్చి పిల్ల చెయ్యి పట్టుకుని లాక్కుపోవడం మొదలుపెట్టింది. ఆవిడదీ గుండే. మెడలో బరువైన గొలుసు, పట్టు చీర. మోక్షిత ఏడ్చేసరికి ఆవిడ కిందికి చూసి, నోటి మీద చెయ్యి వేసుకుని, నవ్వు ఆపుకోలేక పక్కనున్న బల్ల మీద కూలబడింది. చిత్తూరు నుంచి వచ్చారట. మామిడికాయల మండీ వాళ్లు. ఆవిడ పేరు శకుంతలమ్మ. మనవడికి కూడా ఈ రోజే గుండు, వాడికీ కొండ మీద కొన్న పసుపు చొక్కానే.

“గుండ్లన్నీ ఒకటే గదమ్మా, ఎవుర్ని పట్టుకున్యానో నాకే తెలీలా,” అంది శకుంతలమ్మ.

బట్టలమ్మే అమ్మాయిలు నవ్వారు. బిల్లు కట్టడానికి నిలబడినవాళ్లు నవ్వారు. కోమలి కూడా నవ్వింది. శకుంతలమ్మ సంచిలోంచి ఒక చాక్లెట్ తీసి మోక్షితకు ఇచ్చింది, ఒక అమ్మాయి ఆవిడకు మంచినీళ్లు తెచ్చి ఇచ్చింది. ఎంత మంచి మనుషులో అనుకుంది కోమలి.

తర్వాత రెండు గౌన్లలో ఏది బాగుంటుందో తేల్చుకోలేక, ఒకదాని బట్ట నూలో కాదో చూడటానికి దారం లాగి చూసింది. ల్యాబు అలవాటు. తల ఎత్తేసరికి పక్కన మోక్షిత లేదు.

మొదట గౌన్ల కింద చూసింది. తర్వాత అద్దాల గది తలుపు కింద. తర్వాత మెట్ల దగ్గర. పిల్లను పేరు పెట్టి పిలుస్తూ పరుగెత్తింది. ఎటు చూసినా చిన్న చిన్న గుండ్లు. చందనం పూసిన బుల్లి గుండ్లు అరల మధ్య అటూ ఇటూ కదులుతున్నాయి. కన్న కూతురి తల వెనక నుంచి ఎలా ఉంటుందో ఆమెకు తెలియదు. మూడేళ్లూ దాని మీద ఉంగరాల జుట్టు ఉండేది. ఈ రోజు పొద్దునే తొలిసారి ఆ తలను చూసింది.

చొక్కాల వరుస చివర పసుపు చొక్కా కనిపించింది. కోమలి ఒక్క ఊపున పోయి ఆ గుండును గుండెకు హత్తుకుంది.

మగపిల్లవాడు. పచ్చటి ముఖం. నోట్లో చాక్లెట్.

“నా మనవడ్ని ఎత్తకపోతా ఉంది, పట్టుకోండి,” అని శకుంతలమ్మ గొంతు ఆ అంతస్తంతా మోగింది.

ఈసారి ఎవరూ నవ్వలేదు. ఇందాక నవ్విన అమ్మాయిలే మెట్లకు అడ్డం నిలబడ్డారు. మంచినీళ్లు తెచ్చిన అమ్మాయి కోమలి మోచెయ్యి పట్టుకుంది. ఎవరో పిల్లలను ఎత్తుకుపోయే ముఠాల గురించి ఫోనులో చదివింది చెప్పడం మొదలుపెట్టారు. కోమలికి తన మాట తనకే వినపడటం లేదు. నా పాప కనపడలేదండీ, గుండు చూసి పొరపడ్డానండీ అని చెప్తోంది. ఇందాక శకుంతలమ్మ చెప్పిన మాటే అది. ఆవిడ చెప్పినప్పుడు అది జోకు. కోమలి చెప్తుంటే సాకులా వినిపిస్తోంది.

మేనేజరు కృష్ణమూర్తి టై సర్దుకుంటూ వచ్చాడు. చాలా మర్యాదగా మాట్లాడే మనిషి. మీకు నిజంగా పాప ఉన్నట్టు ఏదైనా ఆధారం ఉందా మేడం అని అడిగాడు. కోమలి ఫోను తీసి చూపించింది. పుట్టినరోజు మోక్షిత, ఊయల మీద మోక్షిత, నిద్రపోతున్న మోక్షిత. కృష్ణమూర్తి ఒక్కో ఫొటోను శ్రద్ధగా చూసి తల అడ్డంగా ఊపాడు.

“ఈ పాపకు జుట్టుంది మేడం. తప్పిపోయిన పాపకు గుండని చెప్తున్నారు.”

చుట్టూ ఉన్నవాళ్లు ఇది చాలా పెద్ద విషయం కనిపెట్టినట్టు ఒకరి ముఖాలు ఒకరు చూసుకున్నారు. అక్కడ ఉన్నవాళ్లలో సగం మందికి పొద్దున జుట్టుంది, ఇప్పుడు లేదు. అయినా ఆ సంగతి ఎవరికీ తట్టలేదు. గుండు ఫొటోలన్నీ దయానంద్ ఫోనులో ఉన్నాయి. దయానంద్ ఫోను ఆగిపోయి ఉంది.

ఎవరితో వచ్చారని అడిగాడు కృష్ణమూర్తి. మా అత్తతో, కింద ఉంది, గుండు, పసుపు చీర, అని చెప్పి కోమలి ఆగిపోయింది. తను ఇచ్చే గుర్తులు తనకే ఎక్కడో విన్నట్టు అనిపించాయి. మూడో గుర్తు చెప్పడానికి నోరు రాలేదు. చెప్పాల్సిన పనీ పడలేదు. కృష్ణమూర్తి ముఖం విప్పారింది. వాకీటాకీ నోటి దగ్గర పెట్టుకుని, ఇందాక నీకు అప్పజెప్పిన గుండు ఆవిడ ఎక్కడుంది అని అడిగాడు. కాస్త గరగర తర్వాత చిన్నబ్బ గొంతు వచ్చింది. ఆయాసంతో వచ్చింది.

“నా ముందరే ఉండాది సార్. కొబ్బరినూనె సూస్తా ఉండాది. బియ్యం నా కాడే ఉండాయి. చింతపండు నా కాడే ఉండాది. పాప కూడా నా కాడే ఉండాది సార్.”

కోమలి మోచెయ్యి పట్టుకున్న అమ్మాయి చెయ్యి వదిలేసింది.

ఏ పాప, అని అడిగాడు కృష్ణమూర్తి.

“చిన్న గుండు సార్. ఇందాక మెట్లు దిగొచ్చి వాళ్లవ్వను పట్టుకునింది. అవ్వ నా భుజమ్మీద కూసోబెట్టింది. దించమంటే దించతాను సార్, గానీ చేతులు ఖాళీ లేవు.”

వాళ్లు పైకి రావడానికి చాలాసేపు పట్టింది, మోకాలి వల్ల. ముందు నాగులమ్మ వచ్చింది, ఉత్త చేతులు ఊపుకుంటూ. వెనక చిన్నబ్బ. ఒక భుజం మీద బియ్యం మూట, ఇంకో భుజం మీద మోక్షిత. మెడకు రెండు సంచులు. మోక్షిత అతని టోపీ పెట్టుకుని, అతని చెవి పట్టుకుని, దాన్ని తిప్పితే మనిషి ఎటు తిరుగుతాడో నేర్చుకునే పనిలో ఉంది.

కోమలి పిల్లను లాక్కుని గుండు మీద ముఖం పెట్టి చందనం వాసన పీల్చింది. అంతలోనే ఆమెకు ఇంకో సంగతి తట్టింది. ఈ అంగట్లో తను వెతికినంతసేపూ కాపలా మనిషి భుజం దిగని పిల్ల ఎవరైనా ఉందంటే అది తన కూతురే. దొంగ అనుకుని వెంటపడిన కళ్లే పిల్లను కాపాడాయి. దీనికి ఏడవాలో, వాళ్లకు దండం పెట్టాలో ఆమెకు తెలియలేదు.

గుంపు పలచబడింది. బట్టలమ్మే అమ్మాయిలకు ఉన్నట్టుండి సర్దాల్సిన చొక్కాలు బోలెడు కనిపించాయి. శకుంతలమ్మ మాత్రం మనవణ్ణి గట్టిగా పట్టుకుని అక్కడే నిలబడింది. చెడ్డ మనిషి కాదు. ఏదో సర్దిచెప్పాలని చూసింది. బిడ్డ గదా, బయమేసింది తల్లీ, ఎవురైనా అట్లానే అనుకుంటారు అంది.

“మీరు మా పాపను పట్టుకున్నప్పుడు నేనట్లా అనుకోలేదే,” అంది కోమలి.

శకుంతలమ్మ నిజంగానే ఆశ్చర్యపోయింది.

“మమ్మల్ని సూస్తే తెలస్తాది గదమ్మా.”

ఆ మాట అనేశాక అది ఎలా వినిపించిందో ఆవిడకే తోచినట్టుంది. గొలుసు సర్దుకుంది. ఇద్దరి మధ్యకూ నాగులమ్మ వచ్చి, చిన్నబ్బ మెడలోని సంచిలోంచి కొబ్బరినూనె డబ్బా, ఒక పెద్ద దువ్వెన తీసి శకుంతలమ్మ చేతుల్లో పెట్టింది.

“రవ్వంత పట్టుకోమ్మా. చీర సర్దుకుంటాను.”

శకుంతలమ్మ పట్టుకుంది. చీర సర్దుకోవడం అయిపోయాక నాగులమ్మ వాటిని తిరిగి తీసుకోలేదు. బిల్లు కట్టే చోటికి నడిచింది. చిత్తూరు మండీ ఆవిడ ఒక చేత్తో మనవణ్ణి, ఇంకో చేత్తో నూనె డబ్బా, దువ్వెన పట్టుకుని వెనకే నడిచింది. గుండ్లకు దువ్వెన ఎందుకమ్మా అని మాత్రం అడిగింది. మొలిచినాక మళ్లా ఇంత దూరం ఎవురొస్తారు, అంది నాగులమ్మ. అది న్యాయమే అనిపించి శకుంతలమ్మ కూడా ఒక దువ్వెన కొనుక్కుంది.

కృష్ణమూర్తి వాళ్లను పక్కకు పిలిచి కూల్‌డ్రింకు ఇప్పించాడు. జరిగినదానికి విచారిస్తున్నామనీ, కాకపోతే ఇదంతా అందరి భద్రత కోసమేననీ అన్నాడు. నాగులమ్మ శ్రద్ధగా విని, ఖాళీ సీసా ఆయన చేతిలో పెట్టింది. ఆయన దాన్ని ఎక్కడ పెట్టాలో తెలియక పట్టుకునే నిలబడ్డాడు.

ఇక మిగిలింది గుమ్మం. కోమలి బిల్లు బయటికి తీసి పట్టుకుంది. యూనిఫారం మనిషి చెయ్యి చాపాడు. మోక్షిత ఆమె వేలు విడిపించుకుని అతని ముందుకు పోయి నిలబడింది. పిల్లను ఎత్తుకోవడానికి కోమలికి చేతులు ఖాళీ లేవు, ఒకదాన్లో బిల్లు, ఇంకోదాన్లో సంచులు. ఇప్పుడు ఆ బుల్లి చేతులు రెండూ పైకి లేస్తాయి. పిల్ల గుండ్రంగా తిరుగుతుంది.

మోక్షిత చేతులు లేపింది. కానీ వాటిలో బిస్కెట్ల పొట్లం ఉంది, చిన్నబ్బ టోపీ ఉంది. రెండూ ఆ మనిషి చాపిన చేతిలో పెట్టింది.

“పట్టుకో,” అని చెప్పి, తిరిగి చూడకుండా గుమ్మం దాటింది.

అతను బిల్లు చూడటం మరిచిపోయాడు. టోపీ కిందపెట్టలేక, బిస్కెట్లు ఉంచుకోలేక, పాపా పాపా అంటూ ఎండలోకి వెంట నడిచాడు. చిన్నబ్బ బియ్యం మూటతో ఆటో దాకా వచ్చాడు. నాగులమ్మ అతని మోకాలికి ఏ ఆకు కట్టుకోవాలో చెప్పింది. ఆ ఆకు సూళ్లూరుపేటలో తప్ప దొరకదట, ఎప్పుడైనా వస్తే పీతల పులుసు కూడా తినిపోవచ్చట. అతను వస్తానన్నాడు.

సూళ్లూరుపేట బస్సులో మోక్షిత తండ్రి ఒళ్లో పడుకుని, నిద్రలో కూడా ఎవరికో ఏదో అందిస్తున్నట్టు చెయ్యి చాపుతోంది. శ్రీకాళహస్తి దాటాక కోమలి మెల్లిగా అత్తను అడిగింది, నేనూ ఒకసారి ఇచ్చి చూశాను, సబ్బుబిళ్ల ఇస్తే తీసుకుని జేబులో వేసుకుని మళ్లీ నా వెనకే వచ్చాడు, నాకెందుకు కుదరలేదు అని. నాగులమ్మ, పీత కొండికి పుటుక్కున తెగే నూలుదారం కట్టిన మనిషిని చూసినట్టు, కోడలిని జాలిగా చూసింది. అప్పుడు చెప్పింది ఆ సంగతి.

ఇప్పుడు కోమలి ఏ అంగడికి పోయినా, నెలకు సరిపడా బియ్యం ఇంట్లో ఉన్నా సరే, తిన్నగా బియ్యం మూటల దగ్గరికే నడుస్తుంది. ఇంట్లో బియ్యం ఎక్కువైపోతున్నాయని దయానంద్ గొణుగుతూనే ఉంటాడు. ఆమె వినదు. వెనకాల సర్దే చప్పుడు వినపడగానే, ముందు చెయ్యి మూట మీదే వేస్తుంది. బస్సులో అత్త చెప్పింది ఒక్క ముక్కే:

“ముందు బరువైంది తీసుకోవాల అమ్మీ. సబ్బు ఇస్తే వాని సూపు నీ మీదే ఉంటాది. బియ్యం ఇస్తే వాని సూపు వాని నడుం మీదికి పోతాది.”